చీర అడగని పేరంటాలు

అవునే తల్లీ, ఆ చీర కొత్తదే. మొన్న మీ అత్త ఫోను పట్టుకుని జీడితోటంతా తిప్పి చూపిస్తుంటే నువ్వు గబుక్కున అడిగావు చూడు, "అమ్మమ్మా, వదిన ఎప్పుడూ చీర కట్టేది కాదు కదా, మరి చీరెందుకు పెట్టారు?" అని. మీ అత్త ఫోను పక్కకి తిప్పేసింది. సూరత్‌లో మీరేమో సిగ్నల్ పోయిందనుకుని హలో హలో అని అరిచారు. సిగ్నల్ బాగానే ఉంది.

పేరంటాలుకి ఏడాదికోసారి చీర పెట్టాలి, అది పద్ధతి. నీ ప్రశ్నకి జవాబు అంతే. కానీ ఆ జవాబు నీకు సరిపోదు, నాకూ సరిపోలేదు. అందుకని మీ అక్కచెల్లెళ్ళిద్దరికీ మొదటినుంచీ చెబుతాను. మీరు అక్కడే పుట్టారు, అక్కడే చదువుకుంటున్నారు. సెలవులకి వచ్చిన పదిరోజుల్లో ఇక్కడి సంగతులు ఎన్ని తెలుస్తాయి?

మన వైపు పెళ్ళి కాకుండా చిన్నవయసులో పోయిన ఆడపిల్లని కొన్ని ఇళ్ళలో పేరంటాలుగా నిలబెట్టుకుంటారు. చిన్న గుడి కడతారు. శుక్రవారం పసుపు, కుంకుమ పెడతారు. పెద్దలకి బట్టలు పెట్టే రోజున ఆమెకీ చీర, రవికల గుడ్డ, గాజులు పెడతారు. అలా నిలబెట్టాక ఇక ఆ పిల్ల ఆ ఇంటి పిల్ల కాదు, ఆ ఇంటి అమ్మవారు. పేరు పెట్టి పిలవకూడదు. నవ్వులాటకి కూడా ఒక మాట అనకూడదు. ఏదైనా కావాలంటే దణ్ణం పెట్టి అడుక్కోవాలి. నాకైతే అడుక్కోవడానికి ఏమీ లేదు. మీ వదిన నాకు పిల్లగానే మిగిలితే చాలనుకున్నాను. మీకు చెప్పేదంతా ఆ ఒక్కటీ నా వల్ల ఎలా కాలేదన్నదే.

మీ మావయ్యకి ఒక్కతే కూతురు. ఆయన గరివిడి ఫ్యాక్టరీలో షిఫ్టుకి, మీ అత్త పొలానికి వెళితే, ఆ పిల్ల నా దగ్గరే పెరిగింది. నన్ను మామ్మా అనేది. కోపమొస్తే ముసిలీ అనేది, ప్రేమొచ్చినా ముసిలీ అనేది. సైకిల్ ఇంకా వీధి మలుపు తిరక్కముందే "ఒసే మామ్మా, ఆకలే!" అని కేక వినబడేది. నేను గిన్నె మీద మూత తీసేసరికి గుమ్మంలో ఉండేది.

గరివిడిలోనే ఇంటర్ చదివింది. చదివింది అంటే కాలేజీకి వెళ్ళింది. మనసంతా కబడ్డీ మీద. జట్టులో కూతకి వెళ్ళేది ఎక్కువగా తనే. నల్ల ట్రాక్ ప్యాంటు ఒకటుండేది, రెండు పక్కలా తెల్లగీతలు. ఉతుకుతాను ఇవ్వవే అంటే, "రేపు మ్యాచి ఉన్నాది, ఎండకపోతే నువ్వొచ్చి ఆడతావేటి?" అనేది. రోజూ ఏదో ఒక మ్యాచి ఉండేది మరి.

చీర ఒక్కసారి కట్టింది. కాలేజీలో ఏదో ఫంక్షనట, అందరూ కట్టుకుంటున్నారని నా దగ్గరికి వచ్చింది. నాది ఆకుపచ్చ చీర ఒకటి తీసి ఓపిగ్గా కుచ్చెళ్ళు పెట్టి, పిన్నులు పెట్టి పంపించాను. సాయంత్రం కుచ్చెళ్ళన్నీ గుప్పిట్లో పట్టుకుని, చెప్పులు రెండో చేతిలో పట్టుకుని వచ్చింది.

"ఇదేటే మామ్మా, మనిషిని మూట కట్టినట్టు కట్టీసినావు! బస్సు మెట్టు మీంచి పడ్డాను. అందరూ నవ్వారు."

"అలవాటు లేక అలగుంటాది."

"ఇందులో ఇన్నేళ్ళు ఎలగ బతికినావే నువ్వు? నన్ను సంపినా ఇంక కట్టను."

అన్నమాట ప్రకారమే మళ్ళీ కట్టలేదు.

ఒకసారి ఎచ్చెర్ల యూనివర్సిటీ గ్రౌండులో ఆటలకి తీసుకెళ్ళారు. అక్కడ హాస్టల్ చూసి వచ్చింది. ఆడపిల్లలు పిట్టగోడ మీద బట్టలారేసుకుని, వాటి పక్కనే కూర్చుని చదువుకుంటున్నారట. అది చూసి ఆ పిల్లకి ఎందుకు అంత నచ్చిందో తెలియదు గాని, డిగ్రీ అక్కడే అని ఆ రోజే తేల్చేసింది. "నువ్వు ఆదివారం ఆదివారం బస్సెక్కి జంతికలు తేవాలి. ఎవులడిగినా మా మామ్మ కబడ్డీ కోచ్ అని సెప్తాను, నువ్వు నోరిప్పకు," అంది. నేను నోరిప్పనని అందరికీ తెలుసు.

తర్వాత కాలు.

ఒకరోజు మోకాలు పట్టుకుని కుంటుకుంటూ వచ్చింది. మ్యాచిలో పడ్డానంది. ఆటలాడే పిల్ల పడక ఏం చేస్తుంది అనుకున్నాను. నువ్వులనూనె వెచ్చచేసి, కర్పూరం కలిపి, రోజూ సాయంత్రం కాలు నా ఒళ్ళో పెట్టుకుని రుద్దేదాన్ని. మోకాలి పైన గట్టిగా, చింతగింజంత కాదు, నిమ్మకాయంత తగిలేది. వాపు కరగాలని అక్కడే బొటనవేలు పెట్టి గట్టిగా నొక్కేదాన్ని. ఆ పిల్ల మొహం గోడవైపు తిప్పుకునేది. "నొప్పా?" అంటే, "నీ సెయ్యి గరుకు, అంతే," అనేది.

తగ్గకపోతే కట్టు కట్టే ఆయన దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. మీ మావయ్య ఆసుపత్రికి పోదామన్నాడు. ఆసుపత్రికి వెళితే పిండికట్టు వేసి మంచాన పడేస్తారు, మీ చిన్నప్పటినుంచీ కాళ్ళూ చేతులూ ఆయన దగ్గరే అతుక్కున్నాయి కదా అని నేనే అన్నాను. ఎప్పుడూ ఏ విషయంలోనూ నా మాట ముందుకు పెట్టనిదాన్ని, ఆ ఒక్క విషయంలో పెట్టాను. ఆయన గుడ్డుసొన, మినప్పిండి కలిపి పట్టీ వేసి, వెదురుబద్దలు పెట్టి కట్టాడు. "ఏటీ నేదు, నరం తప్పినాది. ఇరవై రోజుల్లో పరిగెడతాది," అన్నాడు. ఇరవై రోజులకి విప్పి మళ్ళీ కట్టాడు. ఆ తర్వాత మూడోసారి కూడా కట్టాడు. మూడో కట్టు విప్పినప్పుడు కాలు చూసి ఆయనే వెదురుబద్దలు పక్కన పెట్టేశాడు.

విశాఖలో పెద్దాసుపత్రి డాక్టరమ్మ చిన్నదే, మీ అమ్మ వయసు ఉంటుందేమో. ఎముకలో క్యాన్సరు, ఊపిరితిత్తుల దాకా పాకింది అని మెల్లగా చెప్పింది. "ఎన్నాళ్ళయింది వాపు వచ్చి?" అని అడిగింది. మీ మావయ్య నా వైపు చూశాడు. నేను కట్టులు వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పాను. "రుద్దారా?" అంది. రుద్దానమ్మా అన్నాను. ఆమె తలొంచుకుని కాగితం మీద రాసుకుంది. తిడితే బాగుండునని కూర్చున్నాను. ఆమె రాస్తూనే ఉంది.

ముందే తెచ్చివుంటే బతికేదా అని ఎవర్నీ అడగలేదు. అడిగే ధైర్యం నాకు లేదు, చెప్పే ధైర్యం వాళ్ళకీ ఉండేది కాదేమో.

ఎనిమిది నెలలు ఆసుపత్రికీ ఇంటికీ తిరిగాం. మందెక్కించిన రెండోసారికి జుట్టు దిండుకి అంటుకుని వచ్చేసింది. మీ అత్త బాత్‌రూములోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చింది. ఆ పిల్ల మాత్రం నున్నటి తల నిమురుకుంటూ, "మామ్మా, ఇటు సూడు. ఇంక కూతకెళ్తే జుత్తట్టుకొని లాగడానికి ఎవులికీ ఏటీ దొరకదు," అంది. కాలు వాచి ప్యాంటు పట్టకపోతే, కత్తెర తెప్పించుకుని ఎడమకాలి కుట్టు తొడ దాకా తనే విప్పేసుకుంది. అయిదు పిన్నీసులు పెట్టుకుంది. వదులు గౌను తొడుక్కోవే అంటే ఒప్పుకోలేదు.

వాన వెలిసిన ఒక మధ్యాహ్నం పోయింది. పదిహేడేళ్ళు. మీ అమ్మ రెండు రైళ్ళు మారి వచ్చేసరికి తోట మూల మట్టి కూడా ఆరిపోయింది. పెళ్ళికాని పిల్లని కాల్చకూడదన్నారని మన జీడితోటలోనే పెట్టాం.

మీ మావయ్య ఏడవలేదు. నేనది మీకు చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు. తవ్విన చోట నిలబడ్డాడు, వచ్చినవాళ్ళకి మంచినీళ్ళిచ్చాడు, పదకొండోరోజు అయ్యాక షిఫ్టుకి వెళ్ళిపోయాడు. అన్నం పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. ఒక ఏడాది అలాగే ఉన్నాడు. ఆ ఏడాదిలో ఈనిన ఆవు దూడ చచ్చిపోయింది, బోరు మోటారు కాలిపోయింది, మీ మావయ్య బండి మీంచి పడి భుజం విరగ్గొట్టుకున్నాడు. ఏ ఇంట్లోనైనా ఏడాదిలో ఇన్ని జరుగుతాయి. కానీ మా తోటికోడలు, మీరు పెద్దమ్మమ్మ అంటారే, నేను అప్పా అంటాను, ఆవిడ ఊరుకోలేదు.

"ఒసే, గుంట నీడ కోసం తిరుగుతన్నాది. మీరేమో కళ్ళు మూసుకొని కూకున్నారు," అంది. గుంట అంటే మన వైపు ఆడపిల్ల.

"అది అలగ తిరిగే పిల్ల కాదప్పా."

"నీకు తెలుసేటి? పోయినోళ్ళ సంగతి నీకు సెప్పి పోతారేటి?"

మర్నాడు పొద్దున్నే సోది చెప్పే ఆమెని వెంటబెట్టుకొచ్చింది. అరుగు మీద చాప పరిచాం. ఆమె చేటలో బియ్యం పోసి, మీ మావయ్య చెయ్యి బియ్యం మీద పెట్టించి, కళ్ళు మూసుకుని ఊగింది. ఊగి ఊగి గొంతు సన్నగా చేసింది.

"నాన్నా, నన్ను మట్టిలో పెట్టీసి మర్సిపోనారు. నాకు గూడు నేదు, గుడ్డ నేదు. నానమ్మా, నువ్వయినా నా మాట సెప్పలేదు."

నానమ్మా అంది. పదిహేడేళ్ళలో ఆ పిల్ల నన్ను ఒక్కసారి కూడా నానమ్మా అని పిలవలేదు. ఈమె గొంతులో మా పిల్ల లేదు. అంతకన్నా నాకు రుజువు అక్కర్లేదు. చెబుదామని నోరు తెరిచాను.

సరిగ్గా అప్పుడే మీ మావయ్య చేట మీద పడిపోయాడు. బియ్యం అరుగంతా చెల్లాచెదురైంది. "నేను మర్సిపోలేదమ్మా, నాన్న మర్సిపోలేదు. నీకు గుడి కడతానమ్మా," అని, ఏడాదిగా ఎక్కడ దాచాడో, అంత ఏడుపు ఏడ్చాడు. యాభై ఏళ్ళకి దగ్గరపడిన మనిషి చిన్నపిల్లాడిలా నేల మీద దొర్లాడు. మీ అత్త ఆయన తల ఒళ్ళోకి తీసుకుంది. ఆ ఏడుపు ముందు నేను ఏం చెప్పను? ఆమె పిలిచిన పిలుపు తప్పు నాయినా అని చెప్పనా? బియ్యం గింజలు ఏరుకుంటూ కూర్చున్నాను.

ఇటుకలు వచ్చాయి, సిమెంటు వచ్చింది. మనిషి ఛాతీ ఎత్తు గుడి. లోపలికి బొమ్మ చెయ్యడానికి ఒక మేస్త్రీ వచ్చాడు. మొహం చెక్కడానికి ఫోటో ఇచ్చారు గాని ఆయన దాన్ని జేబులో పెట్టుకుని మళ్ళీ తీయలేదు. అన్ని బొమ్మలకీ చేసే మొహమే చేశాడు, పెద్దపెద్ద కళ్ళు, గుండ్రటి బుగ్గలు.

"జడ ఎంత పొడుగు పెట్టమంటారు?" అని అడిగాడు.

మీ అత్త తన మోకాలి కింద చెయ్యి పెట్టి చూపించింది.

"దానికి జడెక్కడిది నాయినా? భుజాల దాకా కత్తిరించీసుకునీది," అన్నాను నేను.

"జడ నేకపోతే ఎలగ మామ్మగారూ? ఊరోళ్ళు మగదేవుడనుకుంటారు. రేపొద్దున్న సుట్ట పెట్టి దణ్ణం పెడతారు," అని నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. ఆ పిల్ల వింటే పొట్ట పట్టుకుని నవ్వి ఉండేది.

మీ అత్త నవ్వలేదు. "దిండు మీద రాలినదంతా మళ్ళీ పెట్టీయాలని ఉందత్తా," అంది. నేను ఇంక జడ మాట ఎత్తలేదు. మీరు ఫోన్లో చూసిన జడ అదే, మోకాళ్ళ కిందకి, నల్ల రంగు వేసి, చివర ఎర్ర జడకుచ్చులు.

మొదటిసారి బట్టలు పెట్టే రోజు నేను రెండు పనులు చేశాను. ఒకటి, గరివిడి బజారుకి ఆటోలో వెళ్ళి గుడ్డు నూడుల్స్ పొట్లం కట్టించి తెచ్చాను. కాలేజీ అయ్యాక ఆ బండి దగ్గర ఆగకుండా ఏ రోజూ ఇంటికి రాలేదు ఆ పిల్ల. గుడి ముందు పరమాన్నం, వడపప్పు, చలిమిడి పెట్టారు. వాటి పక్కన పొట్లం విప్పి పెట్టాను. అప్ప వాసన పట్టేసింది.

"ఓలమ్మో! పేరంటాలుకి నీసు పెడతావేటే? ఇల్లేటి కావాలి?"

"దానికిష్టమప్పా."

"గుంటగా ఉన్నప్పుడు ఇష్టం. ఇప్పుడది గుంట కాదు."

"మరి నువ్వూ అది అనే అన్నావు కదా."

అప్ప చెంపలు వేసుకుంది. "నీ నోటితో పాటు నా నోరూ పాడయినాది. తల్లీ, తప్పు కాయమ్మా. తియ్యి, ముందది అక్కడినించి తియ్యి!"

తీసేశాను. ఇంటికి తెచ్చి గూట్లో పెడితే ఎవరూ ముట్టలేదు. సాయంత్రం నేనే తిన్నాను. చల్లారి ముద్దయిపోయింది, ఉప్పు ఎక్కువ. అంతగా ఏం చూసి ఇష్టపడిందో నాకర్థం కాలేదు. అయినా మొత్తం తిన్నాను.

రెండో పని, ఆ నల్ల ప్యాంటు. నా పెట్టెలో దాచుకున్నాను. మడతపెట్టి, పళ్ళెంలో కొత్తచీర అడుగున పెట్టి తీసుకెళ్ళాను. బొమ్మ ముందు బట్టలు పెట్టేటప్పుడు మీ అత్త పళ్ళెం అందుకుంది. చీర కింద చెయ్యి పెట్టగానే పిన్నీసులు తగిలాయి కాబోలు, ఆగిపోయింది. అప్ప పక్కనే ఉంది. మీ అత్త నా వైపు చూడలేదు. చీర అంచు లాగి, తెల్లగీత కనబడకుండా సర్ది, అలాగే బొమ్మ పాదాల దగ్గర పెట్టింది. మా అత్తాకోడళ్ళం దాని గురించి ఇప్పటిదాకా ఒక్కమాట మాట్లాడుకోలేదు. పెట్టిన చీర తర్వాత ఇంటి ఆడవాళ్ళే కట్టుకోవాలి కదా, మీ అత్త కట్టుకుంటుంది. ప్యాంటు నా పెట్టెలోకి వస్తుంది. ఏటా అంతే. మొన్న మీరు చూసిన చీర కింద కూడా ఉంది.

ఇంటి వరకే ఉండి ఉంటే ఎలాగో సర్దుకుపోయేదాన్ని. కానీ జనం రావడం మొదలుపెట్టారు. ముందు చుట్టాలు వచ్చారు. ఒకరికి పెళ్ళి కుదరాలి, ఒకరికి పాప పుట్టాలి. కుదిరినవాళ్ళు చెప్పుకున్నారు, కుదరనివాళ్ళు ఊరుకున్నారు. పరీక్షల ముందు ఆ పిల్ల చదివిన కాలేజీ నుంచే ఆడపిల్లలు వచ్చి హాల్ టికెట్లు బొమ్మ కాళ్ళ దగ్గర పెట్టి దణ్ణం పెట్టుకున్నారు. దాని హాల్ టికెట్టు వచ్చిన రోజున అది విశాఖలో మంచం మీద ఉంది. ఎకనామిక్స్ పేరు చెబితేనే కడుపునొప్పి తెచ్చుకునే పిల్లని పాస్ చెయ్యమని అడుగుతున్నారు. నవ్వాలో ఏడవాలో తెలియక పసుపు డబ్బా పట్టుకుని నిలబడ్డాను. మీ మావయ్య మాత్రం ఆ పిల్లలకి కుర్చీలు వేయించి, మజ్జిగ ఇప్పించాడు. ఆ మధ్యకాలంలో ఆయన మొహంలో కళ అప్పుడే చూశాను.

ఆ తర్వాత ఒక శుక్రవారం పొద్దున్న ఒకామె వచ్చింది. పాతపట్నం అవతల ఊరు, రెండు బస్సులు మారి, ఆఖర్న ఆటోలో వచ్చింది. కూడా ఎనిమిదేళ్ళ పాప. అంత ఉక్కలో కూడా తలకి గుడ్డ గట్టిగా కట్టి ఉంది. కనుబొమలు లేవు. వాళ్ళు నోరు తెరవక ముందే నాకు తెలిసిపోయింది.

ఆమె గుడి ముందు పొర్లుదండాలు పెడుతుంటే పాప నా దగ్గరికి వచ్చి నిలబడింది. బొమ్మనే చూస్తోంది.

"ఈ అమ్మోరికి అంత జడ ఎలగొచ్చినాది మామ్మా?"

"పెట్టారమ్మా."

"నాకెప్పుడొస్తాది?"

"వస్తాది," అన్నాను. మా పిల్లకీ అలాగే చెప్పాను.

తల్లి లేచి వచ్చి నా కాళ్ళకి దణ్ణం పెట్టింది. "పెద్దమ్మా, ఈ తల్లి ఆ జబ్బుతోనే ఎలిసినాదట కదా. ఆ జబ్బు ఎరిగిన తల్లి మా గుంటని సూస్తాదని వచ్చినాం. అయిదు శుక్రవారాలు మొక్కుకున్నాను."

"మరి ఆసుపత్రి?"

"వచ్చే వారం మళ్ళీ మందెక్కించాలన్నారు. ఇవి అయ్యాక ఎల్దామనుకుంటన్నాం. ఆ మందెక్కిస్తే గుంట తినదు, కక్కుతాది, మంచం మీంచి లెగదు. తల్లి దయుంటే ఇంక ఆ మందుతో పనేటి?"

అయిదు శుక్రవారాలు. ఇరవై రోజుల్లో పరిగెడుతుందన్న మాట నా చెవిలో మళ్ళీ వినబడింది. గుడ్డుసొన వాసన కూడా వచ్చింది, నిజం చెబుతున్నాను. నా బొటనవేళ్ళు చూసుకున్నాను.

"అమ్మా, ఆగకండి. రేపే ఎల్లిపోండి," అన్నాను.

"అలగంటారేటి పెద్దమ్మా?"

"ఇది దేవత కాదమ్మా. మా పిల్ల. నేనే ఈ సేతుల్తో కాలు పిసికినాను, నేనే మూడు కట్టులు కట్టించి ఆలస్యం సేసినాను. దానికి నయం సెయ్యడం తెలిస్తే ముందు దాని కాలు సేసుకోదా? నీకు దణ్ణం పెడతాను, గుంటని ఆసుపత్రికి తీసుకుపో."

నా గొంతు అంత పైకి లేవడం నేనెప్పుడూ వినలేదు. ఆమె చటుక్కున పాప చెవులు రెండూ మూసింది. "తప్పు పెద్దమ్మా, తప్పు. కన్నోళ్ళే అలగంటే తల్లికి కోపం రాదేటి? ఆ కోపం మా గుంట మీద పడదేటి?" అంది. కొబ్బరికాయ కొట్టకుండానే సంచిలో పెట్టేసుకుంది. పాప చెయ్యి పట్టుకుని గబగబా నడిచింది. పాప వెనక్కి తిరిగి బొమ్మ జడనే చూస్తూ వెళ్ళింది.

నేను అటు తిరిగేసరికి మీ మావయ్య కొబ్బరిచెట్టు పక్కన నీళ్ళబిందెతో నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో. బిందె కింద పెట్టి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం అన్నం దగ్గర కూర్చుని, కలిపిన ముద్ద కలిపినట్టే ఉంచి అన్నాడు.

"నా కూతురు బతికి ఎవులికీ ఏటీ కాలేకపోయినాది. పోయాకయినా ఒకలికి పనికొస్తాదనుకున్నానమ్మా. అదీ నేకుండా సేసినావు."

"ఆ గుంట సచ్చిపోతాదిరా నాయినా, ఆసుపత్రికి ఎల్లకపోతే."

"ఎల్లినా మనది బతికిందేటి?"

చారు పొయ్యమంటావా అని అడిగాను. పొయ్యమన్నాడు.

ఆ వచ్చే శుక్రవారం పొద్దున్నే వెళ్ళి గుడి దగ్గర కూర్చున్నాను. ప్రతి ఆటోకీ లేచి నిలబడ్డాను. వాళ్ళు రాలేదు. ఆ పై శుక్రవారం కూడా రాలేదు. నా మాట విని విశాఖ బస్సెక్కారో, లేక ఇంకో గుడి వెతుక్కున్నారో, నా నోటి వల్ల తల్లికి కోపం వచ్చిందని ఇంట్లోనే భయపడి కూర్చున్నారో తెలియదు. ఊరి పేరు అడగలేదు, ఫోన్ నంబరు అడగలేదు. పాతపట్నం అవతల అంటే ఎన్ని ఊళ్ళు? అటువైపు నుంచి ఎవరైనా వస్తే, తలకి గుడ్డ కట్టుకున్న ఎనిమిదేళ్ళ పాప ఎవరైనా మీకు తెలుసా అని అడుగుతుంటాను. నాకు మతి పోయిందనుకుంటున్నారు.

మీ మావయ్య నాతో మాట్లాడుతూనే ఉన్నాడు, మీరు కంగారు పడకండి. గుడికి ఈ ఏడాది కొత్త రంగు వేయించాడు. ముందు రేకుల పందిరి వెయ్యాలని చూస్తున్నాడు. వెయ్యనీ. చేతికేదో పని ఉంటే మనిషి నిలబడతాడు.

ఇంకొక్క సంగతి ఉంది, ఇది మీ అమ్మకి కూడా చెప్పలేదు.

ఆసుపత్రిలో ఆఖరి వారం. మీ అత్త మందుల చీటీ పట్టుకుని కిందకి వెళ్ళింది. కిటికీలోంచి ఎండ మంచం మీద పడుతోంది. నేను స్టూలు మీద కూర్చుని బత్తాయి తొనలు వలుస్తున్నాను. ఏదైనా చెయ్యాలనిపించేది, చెయ్యడానికి బత్తాయి తప్ప ఏమీ ఉండేది కాదు. ఉన్నట్టుండి అడిగేశాను.

"నీకేటి కావాలే? ఏటడిగినా సేస్తాను."

"ఏటడిగినానా?"

"ఏటడిగినా."

కళ్ళు మూసుకుని నవ్వింది. "ఏటడిగినా అంటే తొందరపడకూడదే ముసిలీ. ఆగు, ఆలోసించుకొని సెప్తాను."

ఈలోగా నర్సమ్మ వచ్చి ఇంజెక్షన్ ఇచ్చింది. నిద్రపోయింది. లేచేసరికి ఆయాసం ఎక్కువై మొహానికి గాలి గొట్టం పెట్టేశారు. మూడురోజులు కళ్ళతోనే చూసింది. నేను బత్తాయి తొనలు పళ్ళెంలో పెట్టుకుని ఆ స్టూలు మీదే కూర్చున్నాను, గొట్టం తీస్తే చెబుతుందేమోనని.

చీర అడిగిందా? గుడి అడిగిందా? లేదు. నాకు తెలిసి ఆ పిల్ల అడిగిన ఆఖరి కోరిక ఆలోచించుకోవడానికి కాస్త టైము.

రోజూ పొద్దున్నే తోటకి నేనే వెళతాను. రాలిన జీడాకులు ఊడుస్తాను. ఎవరో పెట్టిన కుంకుమ జారి బొమ్మ కంట్లో పడి ఉంటుంది, కొంగుతో తుడుస్తాను. అటూ ఇటూ చూస్తాను. అప్ప గానీ, మీ మావయ్య గానీ కనుచూపులో లేకపోతే, వంగి, దాని పేరు పెట్టి పిలిచి అడుగుతాను.

"ఏటే, ఆలోసించుకున్నావా?"